నాన్నమ్మ అడ్డపొగ, మేనకోడలి ఆవిరి

మొన్న వేసవిలో ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా తమ్ముడి ఇంటి మేడ మీద నాకు పచ్చి మామిడికాయ వాసన వేసింది. తమ్ముడు రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. క్వార్టర్ వదిలేసి ఇందా అనే పేటలో సొంతానికి మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆ రోజు వేటమాంసం తిని, కింద ఫ్యాన్ వేసుకుని గుర్రు పెడుతున్నాడు. మరదలు పక్కింటి ఆవిడతో బజారుకు వెళ్ళింది. నేను ఆరేసిన చీర తెచ్చుకుందామని మెట్లెక్కాను. మామిడికాయ వాసన తగలగానే నోట్లో నీళ్ళూరాయి. మరదలు ఆవకాయ ముక్కలు ఆరబోసిందేమో, రెండు ముక్కలు ఉప్పులో అద్దుకుని తిందామని ఆశపడి నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళాను. అక్కడ ముక్కలు లేవు. మా మేనకోడలు టుంపా ఉంది. గోడకి చేరబడి కూర్చుని, నోట్లోంచి తెల్లటి పొగ వదులుతోంది.

టుంపా అసలు పేరు లావణ్య. పుట్టినప్పుడు పక్కింటి బెంగాలీ దీదీ ముద్దుగా టుంపా అని పిలిచింది, అదే స్థిరపడిపోయింది. పదహారేళ్ళ పిల్ల. ఇంట్లో మా తెలుగు, వీధిలో బెంగాలీ, స్నేహితులతో హిందీ మాట్లాడుతుంది. కోపమొస్తే మూడూ కలిపి వాడుతుంది. నన్ను చూడగానే చేతిలోది గుప్పిట్లో దాచేసింది.

"ఏటే అది?" అన్నాను.

"ఏటీ నేదత్తా" అంది. ఆ మాటతో పాటు ఇంకాస్త మామిడికాయ వాసన బయటికొచ్చింది.

"సిగరెట్టా?"

"ధూర్ అత్తా! సిగరెట్టు కాదు, వేప్. బేటరీతో నడుస్తాది. ఇందులో నిప్పే ఉండదు. ఉట్టి ఆవిరి. జలుబు సేస్తే నువ్వు దుప్పటి కప్పుకుని పడతావు సూడు, అలాటిదే."

"జలుబుకి పట్టే ఆవిరి ట్యాంకు ఎనకాల దాక్కుని పడతారేటే?"

దానికి నవ్వొచ్చింది. నవ్వాక ధైర్యం కూడా వచ్చింది. "సిగరెట్టు పాకెట్ల మీద ఆ కేన్సర్ బొమ్మలు సూడలేదనుకున్నావేటి? అన్నీ సూసినాను. అవి ముసిలోళ్ళవి. ఎవరో మనకి తెలీనోళ్ళవి. మనింట్లో ఏటయింది సెప్పు? తాతమ్మ నిప్పే నోట్లో ఎట్టుకుని తొంబై రెండేళ్ళు బతికింది. సలసల కాగిన టీ అలగే తాగీసేది. అంతా నువ్వు సెప్పిందే కదా! నిప్పు తిన్నోళ్ళ ఇంట్లో పుట్టినాను, ఆవిరికి నాకేటవుద్ది?" అని, గొంతు తగ్గించి, "నాన్నకి సెప్పవు కదా? నువ్వు సెప్పవు. నాకు తెలుసు" అంది.

నా కథతో నన్నే కొట్టింది. టుంపా తాతమ్మ అంటున్న మా నాన్నమ్మ పైడమ్మ గురించి ఆ కథ ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని బారసాలల్లో చెప్పానో లెక్కలేదు. విస్తళ్ళు ఎత్తగానే "అప్పా, మామ్మ టీ కథ సెప్పవే" అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను చుట్ట తిప్పడం అభినయిస్తాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అయితే ఆ కథని నేను ఎప్పుడూ ఒకే చోట ఆపేస్తాను. ఆ తర్వాత జరిగింది ఈ భూమ్మీద నాకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు, మా తమ్ముడికి కూడా. ఇప్పుడు ఆ మిగతా భాగం ఈ పిల్లకి చెప్పాలా వద్దా, దీని సంగతి దాని నాన్నకి చెప్పాలా వద్దా అని ఎటూ తేలక, అక్కడే బోర్లించి ఉన్న బాల్చీ మీద కూలబడ్డాను.

మేం పెరిగింది రైల్వే క్వార్టర్లలో. మా లైనులో సగానికి సగం ఇళ్ళు మా వాళ్ళవే. తాతలు వర్క్‌షాప్‌లో పనికని విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి ఉండిపోయారు. మేం పుట్టింది బెంగాల్లో, అయినా 'దేశం వెళ్తున్నాం' అంటే విజయనగరం వెళ్తున్నామని అర్థం. తెల్లవారితే అందరి గుమ్మాల్లోనూ బొగ్గుల పొయ్యిలు రాజుకునేవి. ఆ పొగ మంచులో కలిసి లైను చివర ఇల్లు కనపడేది కాదు. దాని వెనకే బెంగాలీ ఇళ్ళ నుంచి ఆవనూనె ఘాటు వచ్చేది, మా ఇళ్ళ నుంచి చింతపండు పులుసు వాసన వెళ్ళేది. ఇన్ని వాసనల మీదా పెత్తనం చేసే వాసన ఒకటుండేది, నాన్నమ్మ పొగాకు. దేశం నుంచి ఎవరు వచ్చినా గోనెపట్టాలో చుట్టి ఒక కట్ట తేవాల్సిందే. తేనివాళ్ళకి మా ఇంట్లో మంచినీళ్ళు దొరికేవి గానీ టీ దొరికేది కాదు.

ఆవిడ చుట్టలు చుట్టుకోవడం ఒక పెద్ద తతంగం. సాయంత్రం వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆకు మీద తడిగుడ్డ పరిచి, మెత్తబడ్డాక ఈనె తీసి, తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క దొర్లింపు దొర్లించేది. పైన దారం నాలుగు చుట్లు చుట్టేది. తడి పొగాకు వాసన బెల్లం వాసనలా ఉంటుందని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. నేను ఆ దారాలు తెంపి ఇచ్చేదాన్ని, అందుకని నా వేళ్ళ నిండా ఆ వాసనే ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల జరిగిపోయేది.

ఇక కాల్చడం. మా వైపు ఆడవాళ్ళు చుట్టని మగవాళ్ళలా కాల్చరు. నిప్పు వెలిగించి, రెండు దమ్ములు మామూలుగా లాగి, తర్వాత నాలుకతో పెదాలతో ఒక్క తిప్పు తిప్పుతారు. వెలుగుతున్న కొస నోటి లోపలికి వెళ్ళిపోతుంది, చల్లటి కొస బయట ఉండిపోతుంది. దాన్నే అడ్డపొగ అంటారు. అది ఎప్పుడు తిరిగిందో కళ్ళప్పగించి చూసినా దొరికేది కాదు. ఎందుకలాగ అంటే నాన్నమ్మ దగ్గర కారణాలు రెడీగా ఉండేవి. బియ్యంలో బూడిద రాలదు, గాలికి ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, కొత్త కోడలుగా ఉన్నప్పుడు అత్తగారికి నిప్పు కనపడలేదు. నోట్లో నిప్పు పెట్టుకునే ఆవిడ బియ్యం చెరిగేది, చేపలమ్మితో బేరమాడేది, కోడలిని సాధించేది. మాట కొంచెం ముద్దగా వచ్చేదంతే. నిజంగా కోపమొస్తే మాత్రం చుట్ట బయటికి తీసేది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళగానే పిల్లలమందరం తలో దిక్కుకీ పరుగెత్తేవాళ్ళం.

టీ సంగతి దీని తర్వాత వస్తుంది. నాన్నమ్మ టీని బొగ్గుల పొయ్యి మీద నుంచి దించీ దించగానే, గ్లాసులో బుడగలు ఇంకా పేలుతుండగానే తాగేసేది. ఊదేది కాదు, చప్పరించేది కాదు, గటగట మింగేది. పక్క క్వార్టర్‌లో ఉండే మేం మాసిమా అని పిలిచే బెంగాలీ ఆవిడ తన చుట్టాలు ఎవరొచ్చినా ఇది చూపించడానికి తీసుకొచ్చేది. వాళ్ళు వరుసగా నిలబడి "ఓ బాబా! కీ కాండో!" అని వింతపడి నోళ్ళు తెరిచేవాళ్ళు. నాన్నమ్మ వాళ్ళని చూడనట్టే ఉండి, చూసేవాళ్ళు ఎక్కువైతే రెండో గ్లాసు పోయించుకునేది. అప్పటికి మా తమ్ముడికి ఏడేళ్ళు. మా మామ్మ నోరు ఇనుముతో చేశారు, వర్క్‌షాప్‌లోనే చేయించారు అని కాలనీ అంతా చెప్పుకుని తిరిగేవాడు. వాడొక్కడే ఏమిటి, మేమందరం అది ఆవిడ బలమనే అనుకున్నాం.

నాకు పదిహేనేళ్ళు. నా స్నేహితురాలు మేరీరత్నానికీ అంతే. వాళ్ళు మా ఎదురు లైనులో ఉండే తెలుగు క్రైస్తవులు, వాళ్ళ నాన్న గార్డు. పొగ గురించి మా ఇద్దరికీ తెలియని విషయం లేదని మా నమ్మకం. బీడీ కాలిస్తే టీబీ వస్తుంది. సిగరెట్టు కాలిస్తే కేన్సర్ వస్తుంది, అదీ కలకత్తాలో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళకి. చుట్ట మాత్రం మందు. పంటినొప్పికీ, పడిశానికీ, కడుపుబ్బరానికీ మా లైనులో అందరూ వాడేది అదే. ఇక మా భయాలకి జబ్బులతో సంబంధమే లేదు. పెదాలు నల్లబడితే పెళ్ళి కాదని ఒక భయం, అమ్మ వాసన పట్టేస్తే వీపు పగులుతుందని ఇంకో భయం. జబ్బులు ముసలివాళ్ళకి కదా వస్తాయి, మన ముసలావిడ చూస్తే గుండ్రాయిలా ఉంది, ఇంక మనకేమిటి అనేది మా లెక్క. మేరీరత్నానికి ఇంకో చిక్కుండేది. పొగ తాగడం పాపమని వాళ్ళ సండే స్కూల్లో చెప్పారు. ఆ పాపం పొగలో ఉంటుందా నిప్పులో ఉంటుందా అని అది చాలా రోజులు మథనపడింది. చివరికి అదే ఒక సిద్ధాంతం కనిపెట్టింది: "నిప్పు లోపలుంటే ఇసమంతా ఆ నిప్పుకే కాలిపోద్దే. అందికే మీ మామ్మకేటీ అవలేదు."

ఈ సిద్ధాంతాన్ని నేను తరగతిలో కూడా ప్రవేశపెట్టాను. మా తెలుగు బడిలో సైన్సు మాస్టారు ఒకరోజు బోర్డు మీద రెండు ఊపిరితిత్తులు వేసి, పొగ ఇలా లోపలికి వెళ్ళి వీటిని నల్లగా చేస్తుంది అని, సుద్దముక్క పొడికి తనే దగ్గుతూ చెబుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. "మాస్టారూ, సిగరెట్టుకి నిప్పు బయటుంతాది, పొగ లోపలికెల్తాది. అడ్డపొగకి నిప్పు లోపలుంతాది, పొగ బయటికెల్తాది. మరప్పుడు ఊపిరితిత్తులు ఎవులివి పాడవుతాయి, పక్కన కూసున్నోళ్ళవా?" అన్నాను. తరగతిలో నలభై మంది ఉంటే ముప్పై మంది ఇళ్ళల్లో అడ్డపొగ అవ్వలున్నారు. అందరూ న్యాయమే కదా అన్నట్టు మాస్టారి వైపు చూశారు. అసలు చిక్కు ఏమిటంటే మాస్టారిదీ శ్రీకాకుళమే. వాళ్ళమ్మగారు రోజూ సాయంత్రం మా వరండాకి వచ్చి, నాన్నమ్మ పక్కన కూర్చుని, లోపల నిప్పుతోనే లోకాభిరామాయణం చెప్పేది. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకీ తెలుసు. కాసేపు నన్ను చూశారు, కాసేపు ఊపిరితిత్తుల్ని చూశారు, తర్వాత డస్టర్ తీసుకుని రెంటినీ తుడిచేశారు. "అది పరీక్షల్లో రాదు. కూర్చో" అన్నారు. ఈ కథలో పెళ్ళివాళ్ళు బాగా నవ్వే చోటు ఇదే.

మాస్టారే ఓడిపోయారంటే ఇంక అడ్డేమిటి? మర్నాడు మధ్యాహ్నం నాన్నమ్మ కునుకు తీస్తుండగా ఒక చుట్ట కాజేసి, నేనూ మేరీరత్నం పెరట్లో బొగ్గుల కొట్టు వెనక చేరాం. అది ముందు ప్రార్థన చేసింది. నేను వెలిగించి రెండు దమ్ములు లాగేసరికి లోకం గిర్రున తిరిగింది. అయినా పట్టు విడవకుండా నాన్నమ్మలాగే నాలుకతో తిప్పబోయాను. నలభై ఏళ్ళ సాధన నాకు ఒక్క పూటలో ఎక్కడ వస్తుంది? నిప్పు సరిగ్గా నాలుక మీద కూర్చుంది. నేను వేసిన కేకకి కాకులు లేచిపోయాయి. మేరీరత్నం "ప్రభువా, పాపం నిప్పులోనే ఉన్నాది" అని అరుస్తూ గోడ దూకి పారిపోయింది.

ఆ పూట చేపల పులుసు. నేను ఆకలి లేదన్నాను. చేపల పులుసున్న రోజు నాకు ఆకలి లేకపోవడం చరిత్రలో జరగలేదు కాబట్టి నాన్నమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి "నోరు తెరువే గుంటా" అంది. చూసింది. తిడుతుందనుకున్నాను. పడీ పడీ నవ్వింది. "ఓలమ్మో, నిప్పెక్కడెట్టాలో తెలీనిదానివి నీకెందుకే ఇయ్యన్నీ?" అంది. అమ్మతో మాత్రం పిల్లకి నోరు పూసింది, కారం పెట్టకు అని చెప్పి, మూడు రోజులు తన చేత్తో చల్లటి పెరుగన్నం తినిపించింది. నా గుట్టు అలా ఆవిడ దగ్గర భద్రంగా ఉండిపోయింది. మా ఇద్దరికీ ఆ తర్వాత స్నేహం ముదిరింది.

పెళ్ళిళ్ళలో నేను ఇక్కడితో ఆపేస్తాను. జనం ఇంకా నవ్వుతుండగానే "అలా తొంభై ఏళ్ళు బతికింది మా నాన్నమ్మ" అనేస్తాను. మొదటిసారి చెప్పినప్పుడు డెబ్బై అన్నట్టు గుర్తు. తర్వాత ఎవరో ఎనభై చేశారు, నేను దిద్దలేదు. తొంభై రెండు దగ్గర నిలిచిందని టుంపా నోట వినేదాకా నాకూ తెలియదు.

ఆపేసిన చోట నుంచి ఆ రోజు బాల్చీ మీద కూర్చుని టుంపాకి చెప్పాను.

ఆ ఏడాది వానాకాలంలో, మాసిమా వాళ్ళ అక్కా బావా టీ చూడ్డానికి వచ్చారు. నాన్నమ్మ ఎప్పటిలాగే గ్లాసు ఎత్తింది. రెండో గుక్కకి టీ ముక్కులోంచి బయటికొచ్చింది. అందరం విరగబడి నవ్వాం. ఆవిడా నవ్వింది, కొంగుతో మూతి తుడుచుకుంటూ, కొత్త విద్య నేర్చినాను అంది. మా తమ్ముడైతే మళ్ళీ చెయ్యి మామ్మా అని గంతులేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నాన్న టార్చిలైటు నా చేతిలో పెట్టింది. "నా నోట్లో ఏటున్నాదో సూడే. నువ్వైతే సదువుకున్నదానివి" అంది. చూశాను. నోటి పైకప్పు, అంగిలి, గులాబీ రంగులో ఉండాల్సింది, తెల్లగా మందంగా అట్టకట్టి ఉంది. మధ్యలో ఎర్రటి చుక్కలు. ఒక చోట కందిగింజంత చిల్లు. ఆ చిల్లులోంచి టీ ముక్కులోకి వెళ్తోందని నాకు వెంటనే అర్థమైంది. నిప్పు రవ్వ పడి నాన్న చొక్కాకి పడే చిల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"సిన్న సిల్లు నాన్నమ్మా" అన్నాను.

"నెప్పి నేదే. నెప్పి నేనిదానికి మందేటి?" అంది. "సుర్రుమనడం నాకెప్పుడో పోనాది. టీ ఏడిగా ఉన్నాదో సల్లగా ఉన్నాదో కూడా నాకు తెలీదు. నలుగురూ సూస్తన్నారని తాగుతాను." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నకి సెప్పకే. ఆస్పత్రికి అట్టుకెల్లి సుట్ట మానిపించెస్తాడు. నీది నాను ఎవులికైనా సెప్పినానా?"

చెప్పను అన్నాను. అంతే కాదు, సాయం కూడా చేశాను. తమలపాకుని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఇచ్చేదాన్ని. ఆవిడ దాన్ని నాలుకతో అంగిలికి అద్దుకుని అన్నం తినేది, టీ తాగేది. నా ఉపాయం పనిచేస్తోందని నేను తెగ మురిసిపోయాను. వానలు తగ్గి దసరా వచ్చేదాకా రోజుకి రెండు ఆకులు. ఆ ఆకులు క్రమంగా పెద్దవి కత్తిరించాల్సి వచ్చింది, నేను కత్తిరిస్తూనే ఉన్నాను. ఆవిడ మాట ముక్కుతో రావడం మొదలైంది. పిల్లలు వెక్కిరించారు, నేనూ వెక్కిరించాను, ఆవిడ చుట్ట తీసి కొట్టబోయింది. ఆ వెక్కిరింపు విని నవ్వనిది ఒక్క మాసిమానే. ఆవిడ మా నాన్నని పట్టుకుని అడిగింది, నాన్న నాన్నమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ కేన్సర్ అనుమానంతో కలకత్తా పంపారు. ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు అడిగితే మొన్నటి నుంచే అని చెప్పిందట. కొన్ని నెలల ముందు తెచ్చి ఉంటే వేరేగా ఉండేదేమో అని ఆయన నాన్నతో అన్నాడు. నాన్న ఇంటికొచ్చి అమ్మతో ఆ మాట చెబుతుంటే నేను పక్కన తమ్ముడికి నిక్కరు లాగి నాడా కడుతున్నాను. మళ్ళీ మళ్ళీ ముడి తప్పిపోయింది. మంచం మీద ఉన్నప్పుడు కూడా నర్సుని అగ్గిపుల్ల అడిగింది మా నాన్నమ్మ. తర్వాతి వేసవికి లేదు. జ్వరంతో పోయిందని తమ్ముడికి చెప్పారు. వాడు ఇప్పటికీ జ్వరమే అనుకుంటున్నాడు.

టుంపా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వింటోంది.

"అంటే తొంబై రెండేళ్ళు కాదా?" అంది.

"యాభై తొమ్మిది. ఇప్పుడు నా కన్నా రెండేళ్ళు సిన్నది."

అది తల ఎత్తి నా మొహం కేసి, నా జుట్టు కేసి, నా చేతుల కేసి చూసింది. నేను అంత ముసలిదాన్ని కానని దానికి అప్పుడే తట్టినట్టుంది. నిన్న సాయంత్రమే ఇద్దరం టోటో రిక్షా ఎక్కి గోల్ బజార్ అంతా తిరిగి, ఫుచ్కాలు, అదే పానీపూరీలు, పోటీ పడి తిన్నాం.

"నువ్వెందుకు సెప్పలేదత్తా? సిల్లు సూసినావు కదా!" అంది కోపంగా.

"ఏటీ అవదనుకున్నాను."

"అంత సిల్లు సూసి కూడా?"

"పదిహేనేళ్ళే నాకు. నాన్నమ్మకి ఏటవుద్ది అనుకున్నాను. నా సంగతి అమ్మకి తెలియకుండా ఉంటే సాలనుకున్నాను."

టుంపా గుప్పిట విప్పి అందులో ఉన్నదాన్ని చూసుకుంది. అగ్గిపెట్టె అంత ఉంటుంది, నీలం రంగు, మెరుస్తోంది. మా కాలంలో నిప్పు లోపలుంది కాబట్టి ఏమీ కాదని మేం అనుకున్నాం. దీని కాలంలో నిప్పే లేదు కాబట్టి ఏమీ కాదని ఇది అనుకుంటోంది. మా లైనులో ఇప్పుడు బొగ్గుల పొయ్యిలు లేవు, అడ్డపొగ అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, తడి పొగాకు వాసన ఏ వరండాలోనూ లేదు. అప్పుడు దొంగతనంగా ఒక చుట్ట కాలిస్తే వాసన మూడిళ్ళకి తెలిసేది. ఇప్పుడు అదే పని చేస్తే మామిడికాయ వాసన వస్తుంది, అత్త నోరూరుతుంది. మాకన్నా ఈ పిల్లలకి తెలిసింది నిజంగా ఎక్కువే. ఫోను తీస్తే అన్నీ చెప్పగలరు. కానీ ఏ జబ్బు ఎవరికి వస్తుందన్న లెక్క దగ్గరికి వచ్చేసరికి మేమూ వీళ్ళూ ఒకటే, అది మాత్రం ఎప్పుడూ వేరే వాళ్ళకే వస్తుంది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"పూజా సెలవుల నుంచి. రోజూ కాదు... ముందు రోజూ కాదు. మానెయ్యాలని రెండుసార్లు సూసినాను. తల నొప్పొస్తాది. సదువు మీద మనసు నిలవదు." ఆ మాట అన్నప్పుడు దాని గొంతులో మేనకోడలి గడుసుదనం లేదు, భయం ఉంది. వెంటనే తేరుకుని "కానీ మానెస్తానత్తా, ఒట్టు. నాన్నకి మాత్రం సెప్పకు. నువ్వూ నేనూ ఫ్రెండ్స్ కదా. ఠీక్ హై?" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ పట్టుకోవడం నాకు తెలుసు. చెప్పను అంటే ఎంత హాయిగా ఉంటుందో కూడా తెలుసు. ఊరంతటిలో ఈ పిల్లకి ఇష్టమైన మనిషిని నేనే, ఆ ముద్దు పోగొట్టుకోవాలని ఎవరికి ఉంటుంది? రేపు మళ్ళీ టోటో ఎక్కాలి, ఫుచ్కాలు తినాలి. చెబితే ఇది నా మొహం చూడదు. తమ్ముడి సంగతి ఇంకా కష్టం. వాడికి నాన్నమ్మంటే ప్రాణం. ఇనుప నోటి మామ్మని ఈ వయసులో వాడి దగ్గర నుంచి లాక్కోవాలి. పైగా ఆ తమలపాకుల సంగతి చెప్పకుండా దీని సంగతి మాత్రమే చెప్పడానికి నాకు మొహం లేదు. భయమేసింది. అరవై ఒక్క ఏళ్ళొచ్చాక తమ్ముడంటే భయమేమిటి అనుకున్నాను.

నా చెయ్యి విడిపించుకుని లేచాను. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగి పిలిచాను.

"తమ్మీ! ఓపాలి పైకి రా."

"అత్తా!" అంది టుంపా వెనక నుంచి. మూడు భాషల్లో నన్ను ఏదో అంది. అందులో మంచి మాట ఒక్కటీ లేదు.

మొదటి పిలుపుకి గుర్రు ఆగలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. కాసేపటికి లుంగీ బిగించుకుంటూ, కళ్ళు నులుముకుంటూ తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు. నన్ను చూశాడు, ఏడుస్తున్న కూతుర్ని చూశాడు, దాని చేతిలో ఉన్నదాన్ని చూశాడు. వాడి చెయ్యి లేచింది.

"ఏటిదప్పా? ఏటి సేసినాదిది?" అన్నాడు.

నేను వాడికీ టుంపాకీ మధ్యన నిలబడ్డాను. "దాని సంగతి అదే సెప్తాది. ముందు నువ్వు కూసో" అన్నాను. "మామ్మ జ్వరంతో పోలేదురా. ఎలగ పోయినాదో నాకు తెలుసు. నేను సెప్పి ఉంటే బతికేదేమో."